మెట్ల దగ్గర మనిషి

బావ తల ఎప్పుడు తన భుజం మీదికి ఒరిగిందో తాళాలాయన చూసుకోలేదు. చూసుకునేసరికి అది, నిద్రపోయిన పసిపిల్లాడి తలలాగా, ఉన్న బరువు కంటే ఎక్కువే తూగుతోంది. కదిపితే లేస్తాడు. రాత్రంతా టోకు బజారు గేటు దగ్గర కాపలా కాసి, తెల్లవారి ఇంటికి పోయి పడుకోవలసిన మనిషి. నేను చేసిన తప్పుకి నువ్వొక్కడివే వెళ్ళి తల దించుకోవడమేంట్రా అంటూ మొహం కడుక్కుని తిన్నగా వెంట వచ్చేశాడు. వచ్చి, లైసెన్సుల ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్న కాసేపటికే గురక అందుకున్నాడు. జీవితమంతా పగలు పడుకున్నవాడికి పగటిపూట బల్ల దొరికితే అంతే మరి. తాళాలాయన ఫైలు ఒళ్ళో పెట్టుకుని, ఎడమ భుజాన్ని రాయిలా బిగబట్టి, భోజనానికి వెళ్ళిన ఆఫీసరు కోసం తలుపు వైపు చూస్తున్నాడు. తలుపు గట్టిదే, గొళ్ళెమే నాసిరకం. ఒక్క తాపు తంతే ఊడి చేతికొస్తుంది. తాళాలమ్మి బతికేవాడి కళ్ళు ఏ గుమ్మానికి వెళ్ళినా ముందు గొళ్ళెం మీదే వాలతాయి. ఊళ్ళో సెక్యూరిటీ కంపెనీలన్నిటికీ అనుమతులిచ్చే ఆఫీసుకి ఈ గొళ్ళెమా అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే భుజం కదులుతుందని మింగేశాడు.

గార్డుల కంపెనీ పెట్టడానికి అనుమతి కోసం కట్టిన ఫైలు లావుగానే ఉంది. ఒక్కో కాగితం వెనక ఒక్కో ఆఫీసు, ఒక్కో ఆఫీసులో ఇలాంటి బల్ల. షాపు పైగది సొంతమేనని ఒకటి. తన మీద ఏ కేసూ లేదని పోలీసు స్టేషను వాళ్ళిచ్చింది ఒకటి. ఏ కేసూ లేదని తనే ప్రమాణం చేసింది ఇంకొకటి. వాళ్ళు చెప్పాక మళ్ళీ నేను చెప్పడమెందుకండీ అంటే, రెండూ కావాలి, మీరు మీ సరుకుని మంచిదంటే కొనేవాడు నమ్మేస్తాడా అని గుమాస్తా అడిగాడు. ఆ మాట నచ్చింది తాళాలాయనకి, వ్యాపారం తెలిసిన మాట. గార్డులకి తర్ఫీదిచ్చే స్కూలుతో ఒప్పందం ఉంది. చేరతామన్న కుర్రాళ్ళ ఎత్తు, ఛాతీ, చూపు కొలిచి డాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్లు ఉన్నాయి. యూనిఫారం గుడ్డముక్క కూడా అట్టకి అంటించి పెట్టాడు, దాని రంగు పోలీసుల రంగుకి దరిదాపుల్లో ఉండకూడదట. అందుకని లేత నీలం. ఖాకీ తప్ప ఇంకోటి ఒంటికి ఎరగని బావ ఆ ముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎండకి ఎత్తి చూసి, ఇది తొడుక్కుంటే దొంగ నన్ను చూసి కాంపౌండరనుకుని సూది వెయ్యమని చెయ్యి చాపుతాడురా అన్నాడు. అంటూనే ముక్కని జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చాడు. పనికి సంబంధించిన దేన్నయినా బావ అలాగే పట్టుకుంటాడు, టార్చి అయినా విజిలు అయినా, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులాగా.

తాళం అమ్మేవాడు కాపలా అమ్మితే తప్పేంటి, రెండూ ఒక్క సరుకే, ఒకటి ఇనుముది, ఒకటి మనిషిది, అని బజారంతా చెప్పుకు తిరిగాడు తాళాలాయన. బజారు నమ్మింది. ఇంటిది నమ్మలేదు. బజారు సంఘం వాళ్ళు తీర్మానం చేసిన రోజునే ఆవిడకి లెక్క అందిపోయింది. వచ్చే ఒకటో తారీఖు నుంచి గేటు దగ్గర లైసెన్సున్న కంపెనీ మనుషులే ఉండాలి, విడిగా పెట్టుకున్న వాచ్‌మన్లు వద్దు. బయటి కంపెనీ ఏది వచ్చినా బావని చూసి, పెద్దాయనా నీకు వయసెక్కువ, ఎత్తు తక్కువ అని సాగనంపుతుంది. సొంత కంపెనీ అయితే? గార్డుకి కొలతలున్నాయి కానీ సూపర్‌వైజరుకి లేవు. నిబంధనల పుస్తకమంతా చదివించుకుని తాళాలాయన పట్టుకున్న సందు అదొక్కటే. లైసెన్సు చేతికి రాగానే బావని సూపర్‌వైజరుగా రాసుకోవాలి. సూపర్‌వైజరు రాత్రిపూట తన ఇష్టం కొద్దీ గేటు దగ్గర కుర్చీ వేసుకుంటే అడిగేవాడెవడు? "పాల చెంబు కోసం పశువుల సంత మొత్తం కొన్నవాణ్ణి మిమ్మల్నే చూశాను," అంది ఇంటిది. ఇంకాస్త ఆగి, "కొనండి. కొనకపోతే మీకు నిద్ర పట్టదు, మీరు పొర్లుతుంటే నాకు పట్టదు," అంది.

లోపల ఎక్కడో ముద్ర గుద్దుతున్న చప్పుడు. ఆగి, మళ్ళీ. ఆ చప్పుడుకి బావ కళ్ళు కదిలాయి రెప్పల కింద, తలుపు తట్టినట్టు వినిపించిందేమో. తలుపు తట్టడం. తాళాలాయనకి అది గుర్తు రాకుండా ఉంటే బాగుండుననిపించింది, వచ్చేసింది. అక్క ఉన్నన్నాళ్ళూ బావ ఏనాడూ ఇంటి తలుపు తట్టి ఎరగడు. తెల్లవారుజామున వీధి మలుపులో ఆయన చెప్పుల చప్పుడు వినగానే ఆవిడ గడియ తీసేది. ఇంతమంది చెప్పుల్లో ఆయనవేవో ఎలా తెలుస్తాయే అంటే, నీ కొట్లో తాళం కప్పలన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఏది దేనిదో నీకెలా తెలుస్తుందిరా అనేది. అక్క పోయిన కొన్నాళ్ళకి ఒక పొద్దున ఏదో పని మీద అటువైపు వెళ్ళిన తాళాలాయన, బావ తన ఇంటి ముందు నిలబడి ఉండటం చూశాడు. వేలి కణుపుతో మెల్లిగా రెండుసార్లు తట్టాడు. తట్టి, పక్కకి జరిగి, లోపలున్న మనిషి లేచి చీర సర్దుకుని వచ్చేంత సేపు ఆగాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీశాడు. ఆ తాళం తన కొట్లోదే, మేలురకం, నకలు తాళంచెవికి లొంగనిది. తాళాలాయన వెంటనే వెనక్కి తిరిగి, వీధంతా ఒక చుట్టు చుట్టి, అప్పుడే వచ్చినవాడిలా వచ్చి, ఏం బావా ఇంకా పడుకోలేదా అన్నాడు.

మా ఇంట్లో ఉండు బావా అని ఎన్నిసార్లన్నాడో. బావ వచ్చాడు కూడా. పగలు బాగానే ఉన్నాడు, పిల్లలతో పేకాడాడు, ఓడిపోయి దెబ్బలాడాడు. రాత్రయ్యేసరికి మంచం మీద చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, రైలు కోసం చూసేవాడిలా కూర్చుండిపోయాడు. "పగలైతే ఎక్కడైనా పడుకుంటాను. రాత్రి ఇంట్లో ఉండటం నాకు రాదురా. మీ అక్కతో ఉండాల్సిన రాత్రులన్నీ గేటుకిచ్చేశాను కదా. ఇప్పుడావిడ లేకుండా ఇంట్లో ఉండమంటే ఎట్లా ఉంటాను? ఏ మొహం పెట్టుకుని?" మర్నాటి నుంచి మళ్ళీ గేటుకి పోయాడు. జీతం కోసం కాదు. ఆ గేటు తీసేస్తే బావకి పోయేది జీతం కాదు, రాత్రి. తాళాలాయన దానికి ఖరీదు కట్టబోయి మానుకున్నాడు. అసలు ఏ వస్తువు ధరా కట్టలేక వెనక్కి పెట్టినవాడు కాడు తను.

ఆ రాత్రిని నిలబెడదామని ఇన్ని కాగితాలు పోగుచేస్తే, దాన్ని పడగొట్టినవాడు కూడా బావే అయ్యాడు. అదే తమాషా. పైగదిలో కంపెనీ ఆఫీసు నిజంగానే ఉందో లేదో చూడటానికి తనిఖీకి వస్తామని చెప్పారు కానీ ఎప్పుడని చెప్పలేదు. వాళ్ళు వచ్చిన రోజున తాళాలాయన గుడ్డముక్క పట్టుకుని రంగు సరేననిపించుకోవడానికి పోయాడు. బావ నిద్ర పట్టక షాపు పక్క మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు, మెట్లు కనిపిస్తే, పైన తలుపుంటే, కింద కూర్చోవడం ఆయన ఒంటికి అలవాటు. మామూలు చొక్కాలో ఒకాయన వచ్చి తిన్నగా మెట్లెక్కబోయాడు. బావ కాలు అడ్డం పెట్టాడు. సాయంత్రం తాళాలాయన ఇంటికి రాగానే బావ ఎదురొచ్చి, మొహం వెలిగిపోతుంటే, "ఒరేయ్, నీ ఆఫీసులోకి ఎవడో జొరబడబోయాడు. రానిచ్చానా!" అన్నాడు. కార్డేది బాబూ అంటే లేదన్నాడట. నేనెవరో తెలుసా అన్నాడట. తెలిస్తే ఎందుకడుగుతాను బాబూ అన్నాడట ఈయన. నీ కంపెనీకి అనుమతి ఇవ్వాల్సింది మేమేనయ్యా అంటే, అనుమతిచ్చేవాళ్ళు అనుమతి లేకుండా లోపలికొస్తారా అని అడిగి, పుస్తకంలో పేరు రాసి సంతకం పెడితే కూర్చోబెడతానన్నాడట. ఆయన చరచరా వెళ్ళిపోయాడు. తాళాలాయన గుండెలో రాయి పడింది. పడిన చప్పుడు బావకి వినిపించకుండా, మంచిపని చేశావు బావా అన్నాడు. నోటీసు వచ్చాక గానీ బావకి సంగతి తెలియలేదు. "దరఖాస్తుదారుని కార్యాలయం మెట్ల దగ్గర ఒక వ్యక్తి తనిఖీని అడ్డుకున్నాడు. సంజాయిషీ ఇవ్వాలి." తెలిసిన దగ్గర్నుంచి ఈయన అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నాడు.

ఇందాకే గుమాస్తా వరండాలోకి వచ్చి, గురక విని ఆగి, వంగి మెల్లగా అడిగాడు.

"ఎవరీయన?"

"మా బావండీ. అక్క మొగుడు."

"మెట్ల దగ్గర మనిషి ఈయనేనా?"

తాళాలాయన తలూపాడు.

"తీసుకొచ్చారా, పైగా? బాగుంది. చేతిలో దీపం పట్టుకుని నూతిలో పడ్డట్టుంది మీ పని," అన్నాడు గుమాస్తా గొంతు ఇంకా తగ్గించి. "ఈయన్ని లోపలికి తేకండి. అతనెవరో మాకు తెలియదు, మా కంపెనీకి సంబంధించినవాడు కాడు, దారినపోయేవాడెవరో మెట్ల మీద కూర్చున్నాడు అని రాసివ్వండి. దారినపోయేవాడు చేసినదానికి మీరు బాధ్యులు కారు. ఈ పూటే సంతకమైపోతుంది. మీ మనిషేనంటే మళ్ళీ తనిఖీ పడుతుంది. ఆ వరసలో మీ వంతు ఎప్పటికొస్తుందో నేను చెప్పలేను."

"ఒకటో తారీఖు లోపల?"

"దేవుడు వరమిచ్చినా రాదు. పూజారి సంగతి నాకు తెలుసు, నేనే కదా."

మంచివాడే గుమాస్తా. తెల్లకాగితం మీద ఆ రెండు వాక్యాలూ తనే గుండ్రంగా రాసి తెచ్చి, కింద సంతకానికి చోటు వదిలి, ఫైలు మీద పెట్టి పోయాడు.

అబద్ధం తాళాలాయనకి కొత్త సరుకు కాదు. ఈ ధరకి నాకే గిట్టదండీ అని రోజూ పొద్దున్నే కొట్టు తెరవగానే మొదలుపెడతాడు. అది విన్నవాడికీ తెలుసు అబద్ధమని, అన్నవాడికీ తెలుసు, మధ్యలో బేరం తెగుతుంది. ఇదీ అంతే. ఒక పక్క రెండు వాక్యాలు, ఇంకో పక్క బావ రాత్రులన్నీ. ఎవరు తూచినా ముల్లు ఎటు వాలుతుందో కనబడుతూనే ఉంది. పైగా ఎవరి కోసం? ఆయన కోసమే. ఆయనకి తెలియను కూడా తెలియదు. పెన్ను తీశాడు. ఎడమ భుజం కదలకుండా, కుడిచేత్తోనే మూత విప్పి, ఫైలుని మోకాలి మీదికి జరుపుకుని సంతకం పెట్టాడు. సంతకం పెడుతున్నంతసేపూ ఆయన నిద్ర చెడగొట్టకూడదన్నదే ధ్యాస. పెట్టాక చూసుకుంటే సంతకం కొంచెం వంకరపోయింది. ఎదురుగా గోడ మీద గడియారం, దాని కింద మంచినీళ్ళ కుండకి గొలుసుతో కట్టేసిన గ్లాసు. గ్లాసుకి కూడా కాపలా.

కొట్టు తెరిచిన కొత్తల్లో షట్టరు రావడం ఆలస్యమైంది. సరుకేమో వచ్చి పడింది, పెట్టెల కొద్దీ తాళాలు, కొట్టుకి మాత్రం తలుపే లేదు. దొంగలకి తాళాలు పగలగొట్టే శ్రమ కూడా లేదు, మూటకట్టుకుని పోవడమే అని బజారంతా విరగబడి నవ్వింది. ఎదురుగా బజారు గేటు దగ్గర బావ డ్యూటీ. కుర్చీని గేటుకీ కొట్టుకీ మధ్య రోడ్డు మీదికి లాక్కుని, ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు వేసుకుని కూర్చున్నాడు. షట్టరు ఎప్పుడొస్తుంది బావా, నాకు భయంగా ఉంది అంటే, తలుపుదేముందిరా, నేనున్నాను కదా అన్నాడు. వాన పడితే కుర్చీ నెత్తిన పెట్టుకున్నాడట కానీ లోపలికి పోలేదు. ఆ కొట్టు ఎవరిదని ఎవరైనా అడిగితే మా బావమరిదిదండీ అనేవాడు. అప్పటికి ఊళ్ళో తాళాలాయనంటే ఎవరికీ తెలియదు, బావ బావమరిదంటేనే తెలుసు. ఎవరో మాకు తెలియదు. గుమాస్తా చేతిరాత చాలా బాగుంది, సున్నాలు గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా. చదవకూడదనుకుంటూ మళ్ళీ చదివాడు. మడిచాడు. మడిచినా లోపల ఉన్నట్టే తెలుస్తోంది. భుజం తిమ్మిరెక్కి, బావ తలేదో తన భుజమేదో తెలియకుండా పోయింది.

బూట్ల చప్పుడు. ఆఫీసరు లోపలికి వెళ్ళాడు. బంట్రోతు తల బయటపెట్టి, "తాళాల షాపు!" అని కేక వేశాడు. తాళాలాయన ఒక చేత్తో బావ తల పట్టుకుని, తన భుజం తప్పించి, గోడకి ఆనించాడు. బావ లేవలేదు. అంత కేకకి లేవలేదు. ఆకు కదిలితే లేచే మనిషి. ఆ సంగతి తాళాలాయనకి తట్టేసరికి కాళ్ళు గుమ్మం దాటేశాయి.

ఆఫీసరు ఫైలంతా తిరగేశాడు. గుడ్డముక్క తడిమి చూశాడు. మడిచిన కాగితం విప్పి చదివాడు.

"మెట్ల దగ్గర మనిషి ఎవరో మీకు తెలియదా?"

"తెలియదండీ."

"గార్డుల కంపెనీ పెడుతున్నారు. ఎవడో తెలియనివాడు మీ మెట్లమీద కూర్చుని, వచ్చినవాళ్ళని పేరు రాయమంటుంటే ఊరుకున్నారా? మీ మెట్లే కాసుకోలేనివాళ్ళు ఊరినేం కాస్తారు?"

బేరంలో ఎదుటివాడు ఇంత సూటిగా అడిగితే ఏదో ఒక నవ్వు నవ్వడం తాళాలాయనకి అలవాటు. ఆ నవ్వు రాలేదు. అప్పుడు వెనక తలుపు కిర్రుమంది.

"నేనేనండీ ఆ మనిషిని," అన్నాడు బావ. టోపీ రెండు చేతుల్లో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళలో నిద్ర ఛాయలు లేవు, ఎప్పుడూ నిద్రపోనట్టే ఉన్నాడు. "ఈయనకేం సంబంధం లేదు బాబూ. ఈయనెవరో నాకు తెలియదు, నేనెవరో ఈయనకి తెలియదు. దారినపోతూ నీడ ఉందని కాసేపు కూర్చున్నాను. ముసలి బుర్ర, మీవాళ్ళని ఆపేశాను. ఏమన్నా చేస్తే నన్ను చెయ్యండి. ఈయన పెద్దమనిషి, ఈయన కాగితాలు ఆపకండి."

గుమాస్తా రాసినప్పుడు అవి రెండు వాక్యాలు. తను సంతకం పెట్టినప్పుడు ఒక బేరం. బావ నోట వినేసరికి అవేమిటో తెలిసింది. ఊరుకుంటే చాలు. ఇంక తనేమీ అననక్కర్లేదు, అబద్ధం కూడా ఆడనక్కర్లేదు, బావే మొత్తం ఆడేశాడు, తనకి మిగిల్చింది ఊరుకోవడమొక్కటే. ఊరుకోవడమంత చవక సరుకు లోకంలో లేదు. ఆఫీసరు అప్పటికే పెన్ను తీశాడు.

"ఆ కాగితం ఇటిచ్చెయ్యండి సార్," అన్నాడు తాళాలాయన. "అబద్ధం రాశాను. ఈయన మా బావ. మా అక్క మొగుడు. మెట్ల దగ్గర కూర్చున్నది మా మనిషే."

"ఒరేయ్!" అన్నాడు బావ.

ఆఫీసరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ మనిషైతే మళ్ళీ తనిఖీకి రాయాలి. తెలుసుగా?"

"తెలుసండీ."

"నెల దాటిపోతుంది."

"దాటనివ్వండి."

ఆఫీసరు కాగితం తిరిగిచ్చి, ఫైలు మీద ఒక వాక్యం రాసి, ఇంకో దొంతరలో పెట్టాడు. అంతే. కోప్పడనూ లేదు, మెచ్చుకోనూ లేదు. వీళ్ళు గుమ్మం దాటుతుంటే మాత్రం, "ఈసారి కార్డు పెట్టుకుని వెళ్ళమంటాను," అన్నాడు తల ఎత్తకుండా.

రోడ్డు మీద ఎండ. బావ గబగబా ముందు నడుస్తున్నాడు, పొట్టివాడైనా కోపం వస్తే ఆ నడక అందుకోలేరు. "వ్యాపారం చేస్తాట్ట వ్యాపారం. దారినపోయేవాణ్ణని నేనే అన్నాక నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదిరా?"

"నువ్వు నిద్ర నటించడం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"మాట మార్చకు. గుమాస్తా వచ్చినప్పుడే మెలకువొచ్చింది. నువ్వు సంతకం పెడుతుంటే, మా బావమరిదికి బుర్రుంది, ఫరవాలేదనుకున్నాను. తీరా చూస్తే ఏముంది, అంతా మీ అక్క తెలివే."

ఒకరి వెనక ఒకరు నడిచారు. బావ నడక మెల్లగా తగ్గింది. ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు. ఇన్నేళ్ళలో ఆయన తన కోసం తాళాలాయనని అడిగింది అదొక్కటే.

"మరి ఒకటో తారీఖు నుంచి రాత్రుళ్ళు నేనెక్కడుండను?"

"మన మెట్ల మీద," అన్నాడు తాళాలాయన. "కుర్చీ వేయిస్తాను. నేనూ ఒకటి వేసుకుంటాను, కొన్నాళ్ళు."

"అక్కడ కూర్చుంటే గేటు ఎదురుగా కనిపిస్తుంది."

"కనిపిస్తుంది."

"వేరేవాడెవడో నా గేటు కాస్తుంటే చూస్తూ కూర్చోమంటావు."

"వాడు కొత్తవాడు కదా బావా. కునుకు తీస్తే ఎవరో ఒకరు లేపాలి."

పనికి సంబంధించిన విషయం కాబట్టి బావ తొందరపడలేదు. ముందు టోపీ పెట్టుకున్నాడు.

"కార్డు అడగడం కూడా వచ్చో రాదో వాడికి," అన్నాడు.